మా ఓనరమ్మ, మంచం కింద కళ్ళజోడు

మా ఓనరమ్మ పోయారన్న వార్తను నేను వెంటనే నమ్మలేదు. నమ్మి ఉంటే ఆవిడే ఒప్పుకునేవారు కాదు. నేను మా ఊరెళ్ళినప్పుడు వార్త వచ్చింది, అద్దెకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో. పెట్టింది ఆవిడ తమ్ముడు. "అక్క ఈ పొద్దు శాంతంగా వెళ్ళిపోయింది" అని రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నాకు మొదటి అనుమానం ఆ 'శాంతంగా' దగ్గరే వచ్చింది. ఆవిడ శాంతంగా చేసిన పని నేనొక్కటీ చూడలేదు. నీళ్ళ మోటారు వేసినా, పాలవాడితో మాట్లాడినా, చేతిలోకి కథ తీసుకున్నా, అందులో ఒక విచారణ ఉండేది.

ఫోన్ చేశాను. "మీరు అక్కడే ఉన్నారా అండీ? మీ కళ్ళతో చూశారా?" అని అడిగాను. చావు ఇంట్లో అడగవలసిన ప్రశ్న కాదని తెలుసు. తమ్ముడుగారు ఎదురు ప్రశ్న వేశారు.

"నువ్వు పైగదిలో ఉండే టెస్టింగు పిల్లోనివి కదప్పా?"

"అవునండీ."

"అక్క చెప్తా ఉండె. ఆ పిల్లోడు ఒగడే రవంత నేర్చుకున్యాడు, ఊరికే నమ్మడు అని."

అప్పుడు నమ్మాను. ఆ మాట ఇంకెవరూ కల్పించలేరు.

బెంగళూరు మహదేవపురలో టెక్ పార్కుల అద్దాల గోడల వెనక ఒక పాత సందు ఉంది. సందులో ఆవిడ ఇల్లు, ఇంటి మీద మా గదులు. ఆవిడ వాళ్ళు తరతరాలుగా ఇక్కడి తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు కన్నడం. నోట్లో ఒక భాష, కంట్లో ఇంకో లిపి. ఇలాంటివాళ్ళు బెంగళూరులో కావలసినంతమంది ఉన్నారని ఏలూరు నుంచి దిగిన నాకు తెలియదు. ఆవిడ నాతో తెలుగు మాట్లాడుతూ, గోడ మీది తెలుగు క్యాలెండరు వైపు మాత్రం ఊరు కాని ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేవారు.

గది అడగడానికి వెళ్ళిన రోజు నన్ను గడపలోనే నిలబెట్టారు.

"ఏం పని చేస్తావప్పా?"

"టెస్టింగ్ అండీ. వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతకడం."

"దానికి దుడ్డిస్తారా?"

"ఇస్తారండీ."

"నేను ఇన్నేండ్లూ సుమ్నే, ఊరికే చేసినానే!" అని, తాళంచెవి ఇచ్చారు. నా ఉద్యోగానికి దక్కిన గౌరవాల్లో నేను పైకి చెప్పుకునేది ఇదొక్కటే.

ఓనరయ్యను నేను చూడలేదు. నేను రాకముందే పోయారు. కానీ ఆయన మీద ఆవిడ నడిపిన కేసులో దగ్గరుండి గుమాస్తాగిరీ చేశాను కనక చూసినట్టే. ఆయనది అనంతపురం వైపు. తెలుగులో చదువుకున్నారు. జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పని. కంపెనీ బస్సు దిగేచోట చిన్న అంగడిలో తెలుగు వారపత్రికలూ బొమ్మల కథల పుస్తకాలూ కొనుక్కుని వచ్చేవారట. సాయంత్రం ఆవిడ వరండాలో కూర్చుని అనపగింజలు పితుకుతుంటే, ఎదురుగా స్టూలు వేసుకుని ఆయన చదివేవారు. దొంగకు ఒక గొంతు, పోలీసుకు ఒక గొంతు, అత్తగారికి మూడో గొంతు. మధ్యమధ్య ఉరుములూ ఆయనే. పిల్లలు లేని ఇల్లు. ఆ గొంతులే సందడి.

చదివిన పుస్తకాలన్నీ బియ్యం సంచుల్లో కట్టి అటకెక్కించారు. ఆయన పోయాక ఒకరోజు ఆవిడ అటక దులుపుతూ ఒక బొమ్మల కథ తెరిచారు. తెలుగక్షరాలు రావు గానీ బొమ్మలు ఎవరికైనా వస్తాయి. అందులో సముద్రముంది. ఓడ ఉంది. టోపీలు పెట్టుకున్న దొరలున్నారు. దొంగ ఓడ మీంచి నీళ్ళలోకి దూకుతున్నాడు. ఈ కథ ఆవిడకు బాగా గుర్తు. ఆయన చదివినప్పుడు ఈ దొంగే లారీ మీంచి దూకి, ఇక్కడి హోసూరు రోడ్డు మీద అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర దొరికిపోయాడు.

పుస్తకం పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"అత్తిబెలెకి సముద్రం ఎప్పుడొచ్చిందప్పా?"

"రాలేదండీ."

"మరి ఈ ఓడ?"

నేను బొమ్మ కింద రాసింది చదివాను. దూరదేశపు రేవులో దొంగను పట్టుకున్నారని ఉంది. అత్తిబెలె లేదు, చెక్‌పోస్టు లేదు, లారీ అసలే లేదు.

"నేననుకున్యా" అన్నారు. "ఆయప్ప చదివిన కతల్లో ప్రతి దొంగా అత్తిబెలెలోనే దొరుకుతా ఉండె. ఏమయ్యా, దొంగలందరికీ హోసూరు రోడ్డు తప్ప ఇంగొగ దావ లేదా అని అప్పుడే అడిగినా. పోలీసోళ్ళకి అదే అనుకూలం అన్యాడు. నేనూ నమ్మితి."

ఆవిడ నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆవిడకు తేలవలసింది ఒక్కటే: తాళి కట్టిన మనిషి ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని అబద్ధం చదివాడా? చదివితే దేనికి?

"మిగతావి నేను చదివిపెడతానండీ" అన్నాను సేవాభావంతో.

"నువ్వు చదివితే ఎట్ల నమ్మేది? ఒగ మగోడు చదివి మోసం చేసినాడు. సరిచూసేకి ఇంగొగ మగోన్ని పెట్టుకోవాల్నా? అచ్చరాలు నేర్పించు. నేనే చూసుకుంటా."

అలా నేను ఆవిడకు గురువునయ్యాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కావడంతో నాకు పెద్ద పని పడలేదు. కానీ మొదటి రోజే ఒక అభ్యంతరం వచ్చింది. మన తలకట్టు. కన్నడంలో అక్షరం నెత్తిన అడ్డంగా గీత పడుకుని ఉంటుంది. మనది టిక్కు మార్కు.

"ప్రతి అచ్చరానికీ ముందే రైటు కొట్టినారే! ఎవురు చూసి కొట్టినారప్పా?"

"ఎవరూ చూడలేదండీ. అది అంతే."

"చూడకుండా రైటు కొట్టినారు. చూడు మల్ల."

 ఈ రోజుకీ తెలుగు పేజీ తెరిస్తే ఎవరో కంగారులో దిద్దేసిన పరీక్ష పేపరులాగే కనిపిస్తుంది.

అక్షరాలు పట్టుబడ్డాక ఆవిడ చదివే తీరు చూడాలి. నేను కాలేజీలో సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్నవాణ్ణి. కథను ఎలా మెచ్చుకోవాలో మాకు చాలా చెప్పారు. ఎలా అనుమానించాలో చెప్పలేదు. మెచ్చుకోలు అనుమానం తర్వాత రావాలని ఆవిడ పద్ధతి. కథ మొదట్లోనే ఎవడైనా మంచివాడని పేరు తెచ్చుకుంటే, "వీని మీద కన్నేసి పెట్టప్పా" అనేవారు. అవసరం లేకుండా వాన కురిస్తే, రాసినవాడు ఏదో తడిపి దాస్తున్నాడని లెక్క. "కతలో ఎవురూ సుమ్నే టీ తాగరు" అన్నది ఇంకో సూత్రం. బొమ్మల కథల్లో ముఖాలు చూడనిచ్చేవారు కాదు. "మొగాలు అందరూ బాగా గీస్తారు. చేతులు చూడు. చేతులు గీసేకి బేజారు వాళ్ళకి, జోబులో పెట్టేస్తారు. ఎక్కడ చెయ్యి వేళ్ళతో సహా గీసినాడో, అక్కడ ఏమో ఉండాది." నేను నాలుగు పుస్తకాలు తిరగేసి చూశాను. నిజమే. విషం కలిపినవాడికి తప్ప ఎవరికీ చేతులు లేవు.

ఇంత సోదా చేసి, చివరికి కథ గట్టిగా నిలబడితే మాత్రం పుస్తకం మూసి దాని అట్ట మీద అరచేత్తో ఒక్కసారి తట్టేవారు. పశువును కొనేముందు వీపు తట్టినట్టు. అంతకు మించిన సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఇక కళ్ళజోడు కేసు.

ఒక ఆదివారం ఉదయం కింది నుంచి కేక. నేనూ నా రూమ్మేటూ, అతనిది మండ్య, పళ్ళు తోముకుంటూనే దిగాం. ఆవిడ ఒక డిటెక్టివ్ కథ తెరిచి, వేలు పెట్టి ఉంచారు.

"పట్టుబడినాడప్పా ఆయప్ప! ఈ కతలో మంచం కింద కన్నడక దొరికిందని నాకు చదివినాడు. కన్నడక! అచ్చులో చూడు, ఏముండాదో!"

కన్నడక అంటే ఇక్కడివాళ్ళ మాటలో కళ్ళజోడు. నేను చూశాను. 'మంచం కింద కళ్ళజోడు దొరికింది' అని ఉంది.

"సరిగ్గానే ఉంది కదండీ?"

"ఏం సరిగ్గా? కళ్ళ జోడు! జోడు కళ్ళలు! ఇద్దరు దొంగలు మంచం కింద దొరికితే, నాకు కన్నడక అని చెప్పి దాచినాడు!"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన మండ్యవాడు నోట్లో నురగతో గోడకు జారబడిపోయాడు. ఉమ్మేసి వచ్చి, "మగా, కళ్ళ అంటే మా భాషలో దొంగ!" అన్నాడు.

"ఇంగా విను" అన్నారు ఆవిడ, సాక్షి దొరికిన ధైర్యంతో. "ఆ దొంగల జోడుకి ఒగ కాలు విరిగిపోయిండాదంట. పాపం, ఎవునిదో చెప్పలేదు. ఇంగ డిటెక్టివు ఏం చేసినాడు? వాళ్ళని తుడిచి జోబులో పెట్టుకున్యాడు! అంటే ఏమి? లంచం తిని వదిలేసినాడని. అందరూ ఒగటే. దీన్ని ఆయప్ప మూసిపెట్టినాడు!"

నేను గురువును. చెప్పక తప్పలేదు. "అమ్మా, కళ్ళు అంటే మీరనే కండ్లే. మా వైపు కళ్ళు అంటాం. కళ్ళజోడంటే కన్నడకే."

ఆవిడ పుస్తకం వైపు చూశారు. నా వైపు చూశారు. "మల్ల నీ మొగం మీద ఉండేది?"

"కళ్ళజోడేనండీ."

"అనుకున్యా" అన్నారు, అది వేరే నేరమైనట్టు. "మీ పక్క కండ్లనే కళ్ళంటే దొంగలు పెరగక ఏం చేస్తారు?"

మండ్యవాడు నవ్వుతూనే ఉన్నాడు. ఆవిడ నవ్వలేదు. వేలు ఆ మాట మీదే ఉంది. గొంతు తగ్గించి అన్నారు: "అట్లయితే ఆయప్ప సరిగ్గానే చదివినాడు. కళ్ళజోడు అంటే నాకి తెలీదని కన్నడక అన్యాడు. చదువుతా చదువుతానే మార్చినాడు. ఆపకుండా."

అది ఆవిడ భర్తకు దక్కిన మొదటి విడుదల. ఆ తర్వాత ఆవిడ సోదా పద్ధతి మారింది. సముద్రం లారీ కావడం, రేవు అత్తిబెలె కావడం, లండన్ పోలీసు ఇక్కడి ఆనేకల్ యాసలో మాట్లాడటం, ఇవన్నీ పక్కన పెట్టేశారు. అవి మోసాలు కావు, అనువాదాలు. ఓడ చూడని మనిషికి ఓడ చదవడం కన్నా, రోజూ వినే రోడ్డు మీద దొంగను పరిగెత్తించడం మేలనుకున్నాడాయన. నేను ఇదంతా గంభీరంగా వివరిస్తే, "నీకి తెలుసా, ఆయప్ప చెప్పినాడా?" అని నోరు మూయించారు. కానీ ఆ కథలు మళ్ళీ అచ్చులో చదివి, "ఆయప్పదే బాగుండె" అనడం రెండు మూడుసార్లు నా చెవిన పడింది. అచ్చులో ఉన్నంత మాత్రాన కథ గెలవదని నాకు తెలిసింది అక్కడే. చదివే గొంతు కూడా కథలో భాగమే. రాసినవాడు సగం పనే చేసి పంపిస్తాడు.

కేసు అక్కడితో కొట్టేస్తారనుకున్నాను. ఆవిడ ఇంకో కుప్ప పెట్టడం మొదలుపెట్టారు. మార్చి చదివినవి ఒకవైపు. అసలు చదవనివి ఇంకోవైపు. ఒకే పత్రికలో ముందు కథ గుర్తుంది, వెనక కథ గుర్తుంది, మధ్యలోది ఎన్నడూ విన్నట్టు లేదు. ఇలాంటివి ఒకటి కాదు. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల మీద కూర్చుని ఉన్నారు, ఆ కుప్ప ఒళ్ళో పెట్టుకుని.

"ఇవి చూడప్పా. నీది టెస్టింగు కద. వీటిలో ఏం తప్పుండాదో చెప్పు."

నేను మెట్టు మీదే కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. మొదటి కథలో పిల్లలు పుట్టని ఇల్లాలు, రెండో సంబంధం వెతికే అత్తగారు. రెండోది అంతే. మూడోదాంట్లో ఆ ఇల్లాలే దగ్గరుండి మొగుడికి పెళ్ళి చేస్తుంది. నాలుగోది తెరవలేదు.

"తెలిసిందా?" అన్నారు.

నేను తలూపాను.

"ఇవి వస్తే గొంతు పట్టుకున్యాది, రవంత నీళ్ళు తీసకరా అంటాండె. నేను లేసి లోపలికి పోతే, తిరిగొచ్చేసరికి అత్తిబెలెలో ఉంటాండె."

నాలోని జోకరు ఆ క్షణం ఎక్కడికో పోయాడు. నాకు తోచిందే చెప్పాను. "ఆయన మిమ్మల్ని బాధపెట్టకూడదని దాటేశారండీ."

"అది నువ్వు చెప్పే కత. బాగుండాది. బాగుండే కతనే ముందు అనుమానించాల అని ఇన్ని దినాలూ ఏం నేర్చుకున్యావు నువ్వు?"

సందులో టెక్ పార్కు బస్సు ఒకటి మలుపు తిరగలేక వెనక్కీ ముందుకీ ఆడుతోంది.

"నాకేం బాధ? మా అత్త బతికుండంగా ఈ కతలన్నీ నా ఎదురుగానే జరిగినాయి. అచ్చులో వింటే కొత్తగా వచ్చేదేముండాది? భయం ఆయప్పకి. మా అత్త ఇంగొగ పిల్లని చూసొచ్చింది. వచ్చి కొడుకుని అడిగింది. ఈయప్ప వద్దనలేదు. ఔననలేదు. గమ్మునుండిపోయినాడు. శానా దినాలు. ఆ దినాల్లో అన్నం పెడితే తిని లేసిపోయేది, నా మొగం చూసేది లేదు. తర్వాత వద్దన్యాడు. గట్టిగానే అన్యాడు, ఊరంతా వినేటట్టు. సరే. మధ్యలో ఆ గమ్మునున్న దినాలుండాయి కదప్పా. అప్పుడు ఏమనుకుంటా ఉండె? నేను అడగలేదు. ఆయప్ప చెప్పలేదు. ఇద్దరం దొంగల కతలు చదువుకున్యాం."

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తారు.

"చెప్పద్దు. నీకి తెలీదు. నాకీ తెలీదు. నన్ను కాపాడినాడో, ఆయన్నే కాపాడుకున్యాడో. రెండూ ఉండచ్చు. ఒగటే అని ఎవురైనా చెప్తే నమ్మద్దు."

స్మృతి వ్యాసాల్లో పోయినవారి గురించి ఒక్క తీర్పు చెప్పి ముగించడం ఆనవాయితీ. ఆవిడ భర్త గురించి ఆవిడే చెప్పలేదు. ఆవిడ గురించి నేనెలా చెప్పను? నాకు తెలిసిందల్లా ఇంత: ఆవిడ పుణ్యమా అని నేను ఇప్పుడు చిన్న కథనైనా, బజారులో దొరికే బొమ్మల పుస్తకాన్నైనా కాలక్షేపం కింద తీసిపారెయ్యలేను. ఎవరింట్లో, ఎవరి గొంతులో, ఏ పేజీ దాటుకుని అది నడిచిందో మనకు తెలియదు. ఎంత అనుమానిస్తే అంత దగ్గరికి పిలుస్తుంది. అందుకు ఆవిడకు రుణపడి ఉన్నాను. ఇది చదివితే "ఏం కావాలప్పా నీకి, ఇంత పొగుడుతుండావు?" అనేవారని కూడా తెలుసు.

ఆ సాయంత్రం మెట్ల మీంచి ఆవిడ నన్ను లేవనివ్వలేదు. కుప్పలోంచి ఒక పత్రిక తీసి, మోకాలి మీద పరిచి, పైకి చదవడం మొదలుపెట్టారు. మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి. సందులో పోయేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు.

"భ-ర్త... మౌ... నం... గా... ఉం-డి... పో-యా-డు." ఆగారు. "మౌనంగా అంటే?"

"గమ్మునుండటమండీ."

"ఊఁ" అన్నారు. వేలు ఆ మాట కింద చాలాసేపు ఉంది.

లోపల కుక్కరు కూత వేసింది. మళ్ళీ వేసింది.

"నేను వెళ్ళి కట్టేసి రానా అమ్మా?"

"కూసో. ఎవురూ లేసేది లేదు."

పప్పు అడుగంటిన వాసన మెల్లగా బయటికి వచ్చింది. ఆవిడ తలెత్తలేదు. పేజీ ఇంకా సగం ఉంది. వేలు ఒక్కో అక్షరం కింద ఆగి, దాన్ని పూర్తిగా సోదా చేసి, వదిలిపెట్టి, తర్వాతి అక్షరం కిందికి జరుగుతోంది.